గేరు మార్చు వేళ

మన బరంపురమునుండి దిగపహండి దాటి మోహన వైపు పోవువారికి తప్తపాణి కనుమ సుపరిచితము. వేడినీటి ఊట చూడబోవు కుటుంబములు సెలవు దినములలో కార్లలో ఆ మలుపులెక్కుచుండును. మా మనుమడు పందెపు కార్ల ప్రియుడు. "తాతయ్యా, ముల్లు ఎఱ్ఱగీతను తాకేదాకా గేరు మార్చకూడదు" అని వాని సిద్ధాంతము. అందు సగము సత్యము గలదు.

ఇంజనుకు లాగు బలము వేఱు, మొత్తము శక్తి వేఱు. ఈ రెండును ఒకే వేగమున శిఖరము నందవు. మనలో పలువురు నడిపిన మారుతి 800 ఇంజను నిమిషమునకు 2500 చుట్ల యొద్దనే గట్టిగా లాగును. దాని 37 అశ్వశక్తుల పూర్తి శక్తి 5000 చుట్ల యొద్ద వచ్చును. 1999లో వెలువడిన హోండా ఎస్ 2000 అను స్పోర్ట్సు కారునకు లాగు బలము 7500 వద్ద, పూర్తి శక్తి 8300 వద్ద. తొందరపడి పై గేరు వేసినచో అట్టి బండి నిద్రపోయినట్లుండును.

ఎప్పుడు మార్చవలెనో తెలియుటకు గుణకారము చాలును. రెండవ గేరు నిష్పత్తి 2, మూడవది 1.4 అనుకొందము. 5000 చుట్ల యొద్ద మార్చినచో ముల్లు 3500కు దిగును. అచ్చట చక్రములకందు లాగుడు విడిచిన గేరులోని దానికంటె తక్కువ కానప్పుడు మార్చుటయే పందెగాని నేర్పు. సాధారణముగా ఆ వేళ పూర్తి శక్తి దాటిన పిమ్మట వచ్చును. కొన్ని బండ్లలో ఎఱ్ఱగీత యొద్దనే వచ్చును.

కనుమ దారిలో లెక్క వేఱు. ఎక్కునపుడు బండి నీరసించక మునుపే క్రింది గేరునకు రావలెను. ఏ గేరులో ఎక్కుదుమో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్ల మాట. అప్పుడు ఇంజనే బండిని పట్టియుంచును. పెట్రోలు మిగులునని న్యూట్రలులో జార్చినచో భారమంతయు బ్రేకులపై బడి, అవి కాగి పట్టు తప్పును. మిగులునదియు లేదు. నేటి ఇంజెక్షను ఇంజనులు గేరులో నుండగా యాక్సిలరేటరు విడిచినచో పెట్రోలును తామే ఆపుకొనును. న్యూట్రలులోనైతే కొంత త్రాగుచునే యుండును. మఱియు అతివేగమున నాలుగవ గేరునుండి రెండవదానికి దింపరాదు. చక్రములే ఇంజనును త్రిప్పి ఎఱ్ఱగీత దాటించును.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగరు తీరమున ఫార్ములా ఈ పందెము జరిగినది. ఆ విద్యుత్ కార్లలో చోదకుడు మార్చవలసిన గేరులే లేవు. రేపటి పిల్లలకు ఈ లెక్క అక్కరలేకపోవచ్చును. నేడు మాత్రము మన వాకిళ్ళలోని బండ్లలో పెక్కింటికి గేరులు గలవు. వెనుక సీటులో ఆడపడుచులును పసివారును కూర్చుందురు. కనుమ దిగబోవు ముందు ఒక్క క్షణము ఆగి, తగిన గేరు వేసికొని కదలుట శ్రేయస్కరము.