నలభై ఐదులో నా మొదటి సిప్

మా ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా రిటైరైతే ఒక శాలువా, ఒక జ్ఞాపిక, పిల్లల చప్పట్లు వస్తాయి. పింఛను మాత్రం రాదు.

నాకిప్పుడు 46 ఏళ్లు. ఖమ్మంలో తెలుగు చెబుతాను. జీతం 22 వేలు. మా ఆయనకు టైలరింగ్ షాపు ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో తీరిక ఉండదు, ఆషాఢం వస్తే మిషన్ చప్పుడే వినపడదు. ఇరవై ఏళ్ల సంపాదన ఎటు పోయిందని ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పగలను. ఆడపడుచు పెళ్లి, మామగారి గుండె ఆపరేషన్, ఇంటి అప్పు, మావాడి ఇంటర్, ఇంజినీరింగ్ ఫీజులు. వీటిలో ఏ ఒక్కటీ దండగ ఖర్చు కాదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అలాగే చేస్తాం. అవన్నీ పోగా కిందటేడు చిట్టీ డబ్బులు చేతికొచ్చాక మా దగ్గరున్నది మొత్తం లక్షా ఎనభై వేలు.

ముసలితనం కోసం దాచుకోవాలన్న ఆలోచన ఏ ఫైనాన్స్ వీడియో చూసో రాలేదు. మా అమ్మను చూసి వచ్చింది. సత్తుపల్లి దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను వస్తుంది. నేనిచ్చే డబ్బులు తీసుకునేటప్పుడు ప్రతిసారీ మొహమాటపడుతుంది. "నీకే సరిపోవు కదే" అంటుంది. అదే పింఛను డబ్బుల్లోంచి మనవడి చేతిలో వంద నోటు పెట్టేటప్పుడు మాత్రం గొంతు మారిపోతుంది. "తీసుకోరా, ఇవి నా డబ్బులు" అంటుంది. ఆ "నా" అనే మాట 60 తర్వాత నేను కూడా అనగలనా? అక్కడ మొదలైంది.

ముందు బ్యాంకుకు వెళ్లాను. అటల్ పెన్షన్ యోజన గురించి అడిగితే, "40 దాటితే చేర్చుకోరు మేడం" అన్నారు. ఇది చదివే చిన్నవాళ్ల కోసం ఒక లెక్క. 60 ఏళ్ల తర్వాత నెలకు 5,000 పింఛను కావాలంటే, 18 ఏళ్లకు చేరినవాళ్లు నెలకు 210 రూపాయలు కడితే చాలు. అదే 40లో చేరితే 1,454 కట్టాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లను 2022 అక్టోబర్ నుంచి కొత్తగా చేర్చుకోవడం లేదు.

ఆ తలుపు మూసుకున్నాక మేమిద్దరం ఒక నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాం. చిట్టీ డబ్బుల్లో లక్ష ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. షాపు ఖాళీగా ఉన్న నెలల్లో అప్పు చేయకుండా ఉండటానికి. తర్వాత ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం. మామగారి ఆపరేషన్ నేర్పిన పాఠం అది. మిగిలిన దాంతో గాజుల మీద తెచ్చిన గోల్డ్ లోను తీర్చేశాం. ఒకపక్క వడ్డీ కడుతూ ఇంకోపక్క పొదుపు చేయడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే కదా.

మరి నెలనెలా పెట్టేది ఎక్కడిది? చిట్టీకి కట్టే 5 వేలే. చిట్టీ అయిపోయింది కాబట్టి, ఆ 5 వేలు ఇంటి ఖర్చుల్లో కలిసిపోకముందే పక్కకు లాగేశాం. 2,500 పోస్టాఫీసులో పీపీఎఫ్‌కు. అది 15 ఏళ్ల ఖాతా. 45కు 15 కలిపితే 60, నాకోసమే పెట్టినట్టుంది! వడ్డీ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతమే ఉంది, ప్రభుత్వ హామీ ఉంది. ఇంకో 2,500 ఇండెక్స్ ఫండ్‌లో సిప్. నిఫ్టీలో ఉన్న 50 పెద్ద కంపెనీల్లో మన డబ్బును కొంచెం కొంచెంగా పెట్టడం అన్నమాట. మా స్కూల్లో సైన్స్ చెప్పే అమ్మాయి ఫోన్‌లో కేవైసీ చేయించి, ప్రతి నెలా 7న ఆటో డెబిట్ పెట్టింది. "రోజూ యాప్ తెరిచి చూసుకోకండి మేడం" అని ఆర్డర్ కూడా వేసింది. నిజమే, 2020 మొదట్లో కోవిడ్ భయానికి నిఫ్టీ రెండు నెలల్లోనే మూడో వంతుకు పైగా పడింది. అలాంటప్పుడు భయపడి తీసేస్తే నష్టం ఖాయమవుతుంది. అందుకే 57 వచ్చేసరికి ఈ డబ్బును మెల్లగా బ్యాంకు డిపాజిట్లలోకి మార్చుకోవాలని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు లెక్క. పీపీఎఫ్ వడ్డీ ఇలాగే ఉండి, ఫండ్ ఏడాదికి 10 శాతం పెరిగితే, 60 నాటికి మేం కట్టిన 9 లక్షలు సుమారు 18 లక్షలవుతాయి. 10 శాతం ఒక అంచనా మాత్రమే, గ్యారంటీ కాదు. ఆ 18 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో పెడితే, 8.2 శాతం వడ్డీ లెక్కన నెలకు 12,300 వస్తాయి. వినడానికి బాగుంది. కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే, అప్పటి 12,300తో కొనగలిగేది ఇప్పటి 5 వేల సరుకే.

చాలదు. అందుకే ఏటా జీతం పెరగగానే సిప్‌ను ఇంకో 500 పెంచాలనుకున్నాం. 60 తర్వాత ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పాలనీ అనుకున్నాను. అద్దె కట్టే పనిలేని చిన్న ఇల్లు ఉండటం మా అదృష్టం.

లేటుగా మొదలుపెట్టేవాళ్లకు ఒక ప్రమాదం ఉంటుంది. టైం తక్కువుంది, తొందరగా సంపాదించాలి అనిపిస్తుంది. నన్నూ ఎవరో ఒక ఆప్షన్స్ టిప్స్ గ్రూపులో కలిపారు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తీసింది. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. నా వయసులో పోయిన డబ్బు మళ్లీ సంపాదించేంత టైం ఉండదు.

కానీ అసలు పరీక్ష ఇంట్లోనే వచ్చింది. మావాడు ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. అమెరికాలో ఎం.ఎస్. చేస్తానన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి, ఈ 5 వేలు కూడా ఆ వాయిదాకే కట్టేయమని బంధువుల సలహా. "ఒక్కగానొక్క కొడుకు వదినా, రేపు వాడే కదా మిమ్మల్ని చూసుకునేది!" అని మా ఆడపడుచు.

నేను ఒప్పుకోలేదు. చదువుకు బ్యాంకు లోను ఇస్తుంది, ఉద్యోగం వచ్చాక తీర్చుకోవచ్చు. 60 దాటాక బతకడానికి అలా సులువుగా లోను దొరకదు. వాడు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు నోట్‌బుక్ వాడి ముందు పెట్టాను. "నాన్నా, ఇది నీకు ఇవ్వకుండా దాచుకున్న డబ్బు కాదు. రేపు నీ జీతం మీద మా భారం పడకుండా కడుతున్న డబ్బు" అన్నాను. చాలాసేపు లెక్కలు చూశాడు. "రెండేళ్లు ఇక్కడే జాబ్ చేసి, అప్పుడు లోన్‌తో వెళ్తాలే అమ్మా" అన్నాడు. వాడికి ఇంకా కొంచెం కోపం ఉంది. నాకు తెలుసు. అయినా 7న ఆటో డెబిట్ ఆగలేదు.

మీరు ఇరవైల్లో ఉంటే ఈ ఒక్క పోలిక గుర్తుపెట్టుకోండి. 25 ఏళ్లకు నెలకు 2,000 మొదలుపెడితే 60 నాటికి కట్టేది 8 లక్షల 40 వేలు. 10 శాతం చొప్పున అది దాదాపు 76 లక్షలవుతుంది. 45లో నెలకు 5,000 మొదలుపెడితే కట్టేది 9 లక్షలు, అదే 10 శాతంతో వచ్చేది 21 లక్షల లోపే. ఇందులో ఎవరి తెలివీ లేదు, తేడా అంతా ఆ ఇరవై ఏళ్లదే.

ఇంకో మాట. మీ ఇంట్లోనూ పింఛను లేని అమ్మో నాన్నో ఉండే ఉంటారు. యాప్‌లు, ఓటీపీలు చూసి జంకుతుంటారు. "ఎంత దాచారు?" అని అడగకండి, చిన్నబుచ్చుకుంటారు. ఈ ఆదివారం ఓ గంట పక్కన కూర్చోండి. కేవైసీ పూర్తి చేయించండి, ప్రతి ఖాతాలో నామినీ పేరు ఉందో లేదో చూడండి. వెయ్యి రూపాయలతో అయినా సరే, వాళ్ల పేరు మీద ఒక ఖాతా మొదలుపెట్టించండి.