హెర్నియా కాదు

పోయిన వేసవి సెలవుల్లో మా పిన్నికి ఆపరేషన్ అయింది. ఏం ఆపరేషన్ అని అడిగిన వాళ్ళందరికీ హెర్నియా అని చెప్పాం. మన క్లాసులో ఇద్దరు ముగ్గురికి నేనే ఆ అబద్ధం చెప్పాను. అది హెర్నియా కాదు. పొట్ట మీద వేలాడే చర్మాన్ని కోసి తీసేసే ఆపరేషన్. బయట టమ్మీ టక్ అంటారు, డాక్టర్లు అబ్డామినోప్లాస్టీ అంటారు. గోడపత్రికకి ఏదైనా రాయమని మేడమ్ అడిగిన రోజు రాత్రి పిన్నికి ఫోన్ చేసి, నీ సంగతి రాయనా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా పేరు వెయ్యకు, మిగతాదంతా రాసుకో. మీ కాలేజీలో తెలుగు చదివేవాళ్ళు ఎంతమందిలే" అంది.

ముందు నా సంగతి చెప్పాలి. పిన్ని ఆపరేషన్ చేయించుకుంటుందని తెలిసినప్పుడు నాకు నవ్వొచ్చింది. 44 ఏళ్ళకి ఈ సోకేంటి అనుకున్నాను. అదే సమయంలో నా ఫోన్‌లో లైపోసక్షన్ చేయించుకున్నవాళ్ళ ముందు, తర్వాత ఫోటోలు దాచుకుని ఉన్నాయి. నా నడుము నాకు నచ్చదు. పిన్నికి తోడుగా ఆస్పత్రిలో ఉండడానికి ఎవరు వస్తారంటే నేనొస్తానని ముందుకొచ్చింది ప్రేమతో మాత్రమే కాదు, అక్కడేం జరుగుతుందో చూద్దామని కూడా.

పిన్ని ఒకప్పుడు 98 కిలోలు. షుగర్ వచ్చిందని తెలిశాక రాత్రి అన్నం మానేసి, తెల్లవారుజామున విల్లివాక్కం వీధులన్నీ నడిచి, రెండేళ్ళలో 66కి వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. కానీ కొవ్వు పోయినంత సులువుగా చర్మం పోదు. కవలపిల్లల్ని మోసిన పొట్ట, దాని మీద అన్ని కిలోలు, ఇప్పుడవేమీ లేవు, సాగిన చర్మం మాత్రం మిగిలింది. తడిసిన దుప్పటి తీగ మీద వేలాడినట్టు వేలాడేది. టీ.నగర్‌లో బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర రోజంతా నిలబడే ఉద్యోగం. మద్రాసు ఎండలో ఆ మడత కింద చెమట పట్టి, ఒరుసుకుని, పుండు పడి, మానేలోపు మళ్ళీ పడేది. ఇదంతా మాలో ఎవరికీ తెలీదు. చీర కట్టుకుంటే ఏమీ కనబడదు కదా.

ఇంట్లో చెప్పినప్పుడు పెద్ద గొడవైంది. అమ్మకి "నువ్వు నాకు నచ్చావ్" సినిమా ప్రాణం. అందులో హీరోయిన్ ఆర్తీ అగర్వాల్ 2015లో 31 ఏళ్ళకే పోయింది, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అమ్మ ఆ మాటే పట్టుకుని కూర్చుంది. అమ్మమ్మ అయితే, "అది కడుపు కోయించుకుంటుందట, కడుపు కోత దానికా నాకా?" అని ఏడ్చింది. ఆ మాటకి అసలు అర్థం మనందరికీ తెలుసు. పిన్ని మాత్రం తమిళంలో ఒక్కటే అంది, నా చీటీ డబ్బు, నా పొట్ట అని.

నిజంగానే చీటీ డబ్బే. బాబాయి కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది అందం కోసం చేసేది, ఇవ్వం అన్నారు. బిల్లులో 18 శాతం జీఎస్టీ కూడా పడింది. మామూలు వైద్యానికి జీఎస్టీ ఉండదు, దీనికి ఉంటుంది. ఆ మడత కింద పుండు సోకా జబ్బా అని ఆ బిల్లు చూసినప్పుడే నేను మొదటిసారి ఆలోచించాను.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ చాలాసేపు మాట్లాడారు. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. చేసినాయన. ఇది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, బరువు తగ్గి కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నవాళ్ళకే చేస్తాను అన్నారు. లైపోసక్షన్ సరిపోదా అని నేను అడిగాను. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును లాగుతుంది, వదులైన చర్మాన్ని బిగించదు, ఈమెకి అది చేస్తే ఇంకా వేలాడుతుంది అన్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి గీత పడుతుందని, అది ఎప్పటికీ పోదని, లోదుస్తుల కింద దాగేలా మాత్రం వేయగలనని చెప్పారు. కవలల వల్ల మధ్యలో దూరమైపోయిన పొట్ట కండరాలని దగ్గరికి లాగి కుడతానన్నారు.

ఆ రోజు పొద్దున పిన్నిని నిలబెట్టి మార్కర్‌తో గీతలు గీశారు. పడుకుంటే చర్మం పక్కకి జారిపోతుంది కాబట్టి నిలబడే గీయాలట. అప్పుడే నేను ఆ పొట్టని మొదటిసారి చూశాను. మడత కింద నల్లబడిన చర్మం, పాత పుండ్ల మచ్చలు. పిన్ని గోడ వైపు చూస్తూ నిలబడింది. నాకు నా ఫోన్‌లో ఫోటోలు గుర్తొచ్చి సిగ్గేసింది.

మూడు గంటల పైన పట్టింది. పిన్ని నాతో ఎప్పుడూ తమిళమే మాట్లాడుతుంది. మత్తు దిగుతున్నప్పుడు మాత్రం తెలుగులో, "నా కడుపేదే?" అంది. సిస్టర్‌కి అర్థం కాక నా వైపు చూసింది. నేను నవ్వాలో ఏడవాలో తెలీక పిన్ని చెయ్యి పట్టుకున్నాను.

తర్వాతి రోజుల గురించి ఆ ముందు, తర్వాత ఫోటోల మధ్యలో ఎవరూ చూపించరు. పొత్తికడుపు రెండు పక్కల నుంచీ సన్నటి ట్యూబులు, వాటి చివర బత్తాయి అంత ప్లాస్టిక్ బంతులు. లోపల ఊరే ద్రవం వాటిలోకి దిగుతుంది. పొద్దున, సాయంత్రం దాన్ని కొలిచి పారబోసి, బంతిని నొక్కి గాలి తీసి మూత పెట్టాలి. ఆ పని నాది. ఛందస్సు నోట్‌బుక్ ఒకటే సంచిలో ఉంది. ముందు పేజీల్లో చంపకమాల న జ భ జ జ జ ర, వెనక పేజీల్లో ఎడమ 110, కుడి 95. మొదట ఎర్రగా, తర్వాత పలచటి పసుపుగా వచ్చేది. రోజుకి 30 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే ట్యూబు తీస్తారు. ఒకటి ఏడో రోజు, రెండోది పదకొండో రోజు తీశారు. తీశాక కూడా లోపల నీరు చేరితే రెండుసార్లు సూదితో లాగారు.

నిటారుగా నిలబడకూడదు, కుట్లు లాగుతాయి. వీపు కింద, మోకాళ్ళ కింద దిళ్ళు పెట్టుకుని వంగినట్టే పడుకోవాలి. అమ్మమ్మ కన్నా వంగి నడిచేది పిన్ని. దగ్గొస్తే, నవ్వొస్తే దిండు పొట్టకి అదుముకోవాలి. ఆపరేషన్ నాటి సాయంత్రమే లేపి నడిపించారు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా రోజూ ఇంజెక్షన్. బొడ్డు కూడా మార్చేశారా అని అమ్మమ్మ ఫోన్‌లో అడిగింది. బొడ్డు పాతదే, దాని చోటున ఉంచి, కిందికి లాగిన చర్మానికి కొత్త రంధ్రం చేసి బయటికి తీస్తారు. ఇది చెప్తే అమ్మమ్మ నమ్మలేదు.

నాలుగో రోజు పిన్ని ఏడ్చింది. వాపుతో బరువు ముందుకన్నా కిలోన్నర ఎక్కువ చూపించింది. "ఎందుకు చేస్కున్నానే" అంది. మొదటి వారం చాలామందికి ఇలా అనిపిస్తుందని డాక్టర్ ముందే చెప్పారు గానీ, అప్పుడది గుర్తు రాదు.

ఇంటికొచ్చిన రెండో రాత్రి పిన్నికి కుడి పిక్క పట్టేసింది. బాబాయి నైట్ షిఫ్ట్. పిల్లలిద్దరూ గుడియాత్తంలో వాళ్ళ నానమ్మ దగ్గర. పక్కింటి ఆంటీ ఆటో పిలిచి తనూ ఎక్కింది. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళాం. ఏం ఆపరేషన్ అయిందని డ్యూటీ డాక్టరమ్మ అడిగింది. పక్కన ఆంటీ ఉంది. పిన్ని, "హెర్నియా" అంది.

అంత నొప్పిలో కూడా.

నేను పిన్ని మొహం చూడకుండా గబగబా నిజం చెప్పేశాను. ఏ రోజు, ఎన్ని గంటలు, ఇంజెక్షన్ ఎప్పుడు ఆపారు, అన్నీ నోట్‌బుక్ చూసి చెప్పాను. డాక్టరమ్మ వెంటనే ఆయాసం ఉందా, గుండెల్లో నొప్పి ఉందా అని అడిగింది, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి కొలిచింది. పిక్కలో గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుందట. డాప్లర్ స్కాన్ తీశారు. గడ్డ లేదు. వంగి నడవడం వల్ల కండరం పట్టింది, అంతే. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చాం. ఆటోలో ఎవరూ మాట్లాడలేదు.

పిన్ని నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ట్యూబులు కొలిచేటప్పుడు పైకి చూసేది. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. కానీ ఆమె దాచుకున్నదాన్ని వేరేవాళ్ళ ముందు పెట్టాను, అదీ నిజమే.

మూడో రోజు మధ్యాహ్నం ఆంటీ రసం తీసుకుని వచ్చింది. వీధంతా చెప్పే ఉంటుంది అనుకున్నాం. ఆవిడ లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. ఎంతయింది, ఎంత నొప్పి అని మెల్లగా అడిగింది. తర్వాత తన చీర కుచ్చిళ్ళు కొంచెం కిందికి దించి మడత కింద పుండు చూపించింది. ముగ్గురు పిల్లల తల్లి. ఇన్నేళ్ళూ పక్కపక్క ఇళ్ళలో ఇద్దరూ ఒకే మందు పౌడర్ వేర్వేరు షాపుల్లో కొనుక్కుంటున్నారు. ఆవిడ వెళ్ళాక పిన్ని, "ఏమే, ఇవాళ కుడిది ఎంతొచ్చింది?" అంది. 40 అన్నాను.

ఇప్పటికి ఎనిమిది నెలలు. ఆరు వారాలు బెల్టు బిగించుకుని ఆ వేసవిని గడిపింది, నీళ్ళ బిందె ఎత్తలేదు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గీత ఉంది, కుడివైపు కాస్త ఉబ్బుగా, గోధుమ రంగులో. సిలికాన్ షీటు అంటిస్తోంది. బొడ్డు పైన చారలు అలాగే ఉన్నాయి. బొడ్డు కింద ఇంకా స్పర్శ సరిగా లేదు, వేడి నీళ్ళ సంచీ పెట్టొద్దన్నారు, కాలినా తెలీదట. పుండు మాత్రం మళ్ళీ రాలేదు. పిన్ని సినిమా హీరోయిన్‌లా ఏమీ లేదు. కౌంటర్ దగ్గర తొమ్మిది గంటలు నిలబడి ఇంటికొచ్చి పొట్ట గురించి ఆలోచించకుండా పడుకుంటున్నానంది, అంతే చాలంది.

ట్యూబులు తీసిన రోజు, పిన్ని బయటికెళ్ళాక, నా సంగతి డాక్టర్‌ని అడిగాను. నీకెక్కడ ఇబ్బందిగా ఉంది అని అడిగారు. అద్దంలో, అన్నాను. ఆయన నవ్వలేదు. నీకింకా 19, బరువు ఇంకా మారుతుంది, ఇప్పుడైతే నేను చెయ్యను, తొందరగా ఒప్పుకునేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ డిగ్రీ చూసుకో అన్నారు. నా నడుము నాకిప్పుడు నచ్చేసిందని అబద్ధం చెప్పను. ఫోటోలు మాత్రం తీసేశాను. వాటిలో ట్యూబులు లేవు, దిండు లేదు, నాలుగో రోజు లేదు.

మీలో ఎవరికైనా, మీ అమ్మకో అక్కకో ఇలాంటి ఆలోచన ఉంటే నన్ను అడగండి, దాచకుండా చెప్తాను. నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. పరీక్షలకి ఛందస్సు నోట్సు కావాలన్నా అదే, వెనక పేజీలు చూసి భయపడకండి.