గజం గజంగా గ్రీన్ బే

అమెరికా పటంలో చికాగో మీద వేలు పెట్టి, మిచిగన్ సరస్సు పడమటి ఒడ్డు వెంబడి పైకి జరుపుతూ పోతే సుమారు 200 మైళ్ళ దూరాన గ్రీన్ బే అనే వూరు తగులుతుంది. జనాభా లక్షకు కాస్త పైన. కాగితపు మిల్లులకూ, జున్నుకూ, మాంసపు వ్యాపారానికీ పేరుపడిన వూరు. యిటువంటి వూళ్ళు ఆ దేశంలో కొల్లలు. కాని యీ వూరి పేరు వినని అమెరికన్ పిల్లవాడు అరుదు. దానికి కారణం ఫుట్‌బాల్.

ఫుట్‌బాల్ అనగానే మనకు తోచే ఆట కాదిది. మన ఫుట్‌బాల్‌ను వారు సాకర్ అంటారు. వారి ఫుట్‌బాల్‌లో బంతి గుండ్రంగా వుండదు. పీచు తీయని చిన్న కొబ్బరికాయ మాదిరి రెండు కొసలా మొనదేలి వుంటుంది. దాన్ని కాలితో తన్నేది తక్కువ. చేత పట్టుకు పరుగెత్తేదీ, గాలిలో విసిరేదీ, పట్టుకున్న వాణ్ణి పడగొట్టేదీ ఎక్కువ.

మిల్వాకీలో వుంటున్న మా అమ్మాయి యింటికి వెళ్ళినప్పుడు, ఒక ఆదివారం మా అల్లుడు యెలాగో టిక్కెట్లు సంపాదించి అందరినీ గ్రీన్ బేకు తీసుకుపోయాడు. లాంబో ఫీల్డ్ అనే ఆ మైదానం 1957లో తెరిచారు. యిప్పుడు అందులో 81,000 మందికి పైగా పడతారు. అంటే వూళ్ళో ముసలీముతకా మినహా అందరూ వచ్చి కూర్చోవచ్చునన్నమాట! ఎటు చూసినా ఆకుపచ్చ, పసుపు చొక్కాలు. తలల మీద జున్నుముక్క ఆకారపు టోపీలు. పన్నెండేళ్ళ మా మనవడు నాకు గురువై పక్కన కూర్చున్నాడు.

"తాతయ్యా, నువ్వు బంతిని చూడకు. అంచున యిద్దరు కర్రలు పట్టుకుని నిలబడ్డారే, ఆ కర్రల మధ్య గొలుసు చూడు," అన్నాడు.

ఆ గొలుసు పొడుగు సరిగ్గా 10 గజాలు. ఆట కిటుకంతా అందులోనే వున్నది. మైదానం ఈ గీత నుంచి ఆ గీతకు 100 గజాలు. పక్షానికి పదకొండుగురు. బంతి వున్న పక్షానికి నాలుగు విడతలు యిస్తారు. ఒక్కొక్క విడతను డౌన్ అంటారు. మన చెడుగుడులో పట్టు పడినట్టే, బంతి పట్టిన వాణ్ణి యెదుటివారు నేలకూల్చిన చోట ఆ విడత ఆగుతుంది. తరువాతి విడత అక్కడినుంచే మొదలు. నాలుగు విడతలలోగా 10 గజాలు ముందుకు సాగితే మళ్ళీ కొత్తగా నాలుగు. సాగకపోతే బంతి అక్కడికక్కడే యెదుటి పక్షం పాలు.

అంచేత మూడు విడతలు వృథా అయితే, నాలుగోసారి చాలామంది బంతిని దూరంగా తన్ని యెదుటివారిని వెనక్కు నెడతారు. గుంజలు దగ్గరగా వుంటే వాటి మధ్యనుంచి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకుంటారు. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన గుంజల మధ్య తన్నితే ఒకటి; తన్నడం మాని మళ్ళీ గీత దాటితే రెండు. ఆట గంటసేపే గాని, యెత్తు ఆలోచించుకోవడానికి మాటిమాటికీ ఆగుతుంది గనుక మూడు గంటలు పడుతుంది. యెత్తు నడిపించే సేనాని పేరు క్వార్టర్‌బ్యాక్.

యీ లెక్క యెంత కఠినమో 1967 డిసెంబరు 31న యిదే మైదానంలో తెలిసింది. ఆనాడు చలి సున్నాకు దిగువ 25 సెంటీగ్రేడు డిగ్రీలు. నేలను వెచ్చబరచే ఏర్పాటు పనిచేయక గడ్డి రాయిలా బిగుసుకుపోయింది. అంపైర్ల యీలలు గడ్డకడితే కేకలతో ఆట నడిపించారు. 50,000 మందికి పైగా జనం మాత్రం కదలలేదు. డల్లాస్ జట్టుది 17, గ్రీన్ బేది 14. అయిదు నిమిషాలైనా లేవు. పోవలసిన దూరం 68 గజాలు. కొంచెం కొంచెంగా జరుపుకుంటూ చివరి గీతకు గజం లోపుకు వచ్చారు. అక్కడ రెండు విడతలు జారిపడి వృథా అయినవి. మిగిలినవి 16 సెకండ్లు.

గుంజల మధ్య తన్నితే సరిసమానమై ఆట పొడిగింపుకు పోతుంది. గీత దాటబోయి విఫలమైతే వేళ మించిపోయి ఓటమే. క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ శిక్షకుడు విన్స్ లొంబార్డీతో మాట్లాడి, బంతి తానే పట్టుకుని, ముందువాళ్ళు తీసిన సందులో దూరి గీత మీద పడ్డాడు. 21-17. ఆ ఆటకు ఐస్ బౌల్ అని పేరు నిలిచింది. నేటికీ జాతీయ విజేతల బహుమతి లొంబార్డీ పేరుతోనే వున్నది.

వూరు జట్టును నిలుపుకున్న కథ కూడా యిలా గజం గజంగా నడిచినదే. 1919లో కర్లీ లాంబో అనే యువకుడు తాను పనిచేసే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీని అడిగి చొక్కాలకు డబ్బు తెచ్చాడు. అందుకే జట్టు పేరు ప్యాకర్స్. (ఆ "ఇండియన్"కు మన దేశంతో చుట్టరికం లేదు!) డబ్బుకు కటకటలాడి 1923లో వాటాలు అమ్మారు. అవసరం వచ్చినప్పుడల్లా మళ్ళీ అమ్మారు. తక్కిన జట్లు కోటీశ్వరుల సొత్తు కాగా, దీనికి 5 లక్షల మందికి పైగా వాటాదారులు. లాభం పంచరు, వాటాను లాభానికి అమ్ముకోనివ్వరు. అయినా ఆ కాగితానికి పటం కట్టించి గోడకు తగిలించుకుంటారు. వేసవిలో అభ్యాసానికి పోయే ఆటగాళ్ళకు వూరి పిల్లలు తమ సైకిళ్ళిస్తారు. మహాకాయుడు చిన్న సైకిలు తొక్కుతూవుంటే, పిల్లవాడు ఆయన హెల్మెట్ మోస్తూ పక్కన పరుగెత్తుతాడు.

ఆ హెల్మెట్ సంగతే మా యింట్లో తగువు. తలకు పదేపదే తగిలే దెబ్బలు ముందుముందు మెదడును చెరపగలవని వైద్యులు చెబుతున్నారు. మనవడికి బడి జట్టులో చేరాలని వున్నది. మా అమ్మాయి ససేమిరా అన్నది. "తాతయ్యా, అమ్మకు నువ్వు చెప్పు," అని వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఒక కుర్రవాడు పడి లేవలేక, సాయం పట్టుకు వెళ్ళడం చూశాను. వాడి తరఫున నోరు విప్పలేకపోయాను. చివరకు మధ్యేమార్గం దొరికింది. నడుముకు కట్టిన గుడ్డపీలిక లాగేస్తే పట్టు పడినట్టే లెక్క కట్టే ఫ్లాగ్ ఫుట్‌బాల్ అనే ఆట వున్నది, మీదపడడం లేదు. దానికి వాళ్ళమ్మ ఒప్పుకున్నది.

అమెరికాలో పిల్లలున్న యిళ్ళు మనలో యిప్పుడు తక్కువేమీ కావు. మీరు వెళ్ళినప్పుడు ఆదివారం వాళ్ళు టీవీ ముందు కేకలు వేస్తూవుంటే విసుక్కోకండి. పక్కన కూర్చుని, "యిది యెన్నో డౌన్? యింకా యెన్ని గజాలు?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకే మనవలు మీకు చోటిచ్చి కాస్త జరిగి కూర్చుంటారు.