ఇంటింటి గణితము

గణితమనగానే పెక్కుమంది విద్యార్థులకు నల్లబల్లయు, సుద్దముక్కయు, పరీక్షలో వచ్చిన తక్కువ మార్కులును జ్ఞప్తికి వచ్చును. లెక్కలు బడిలో పుట్టి బడిలోనే ముగియునని వారి తలంపు. కాని మానవుడు అంకెలు వ్రాయ నేర్వక మున్నే తన పశువులను లెక్కించుకొనెను, పొలమును కొలిచెను, పంటను పంచుకొనెను. లోకములో పుట్టిన లెక్కయే పిదప పుస్తకములోని కెక్కినది. ఈ సత్యమును పాఠముగా చదువుట యొకటి. కన్నులార చూచుట మఱియొకటి. ఉపాధ్యాయవృత్తికై శిక్షణ పొందుచున్న యొక యువకుడు దానిని స్టేషన్ ఘన్‌పూర్‌లో కన్నులార చూచెను.

స్టేషన్ ఘన్‌పూర్ సికింద్రాబాదు నుండి కాజీపేటకు పోవు రైలుమార్గముపై నున్న యూరు. మొదట వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో జనగామ జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. కాకతీయుల నాటి కోటగుళ్లు గల మఱియొక ఘన్‌పూర్ ములుగు ప్రాంతమున కలదు. రెండూళ్లకును పేరొక్కటే యగుటచే, రైలు స్టేషను గల యీ యూరిని జనులు స్టేషన్ ఘన్‌పూర్ అని పిలుచుచున్నారు. వరియు, పత్తియు పండించు రైతులకును, చిన్న వర్తకులకును, చేతిపనుల వారికిని ఇది కూడలి.

ఆ యువకుడు బోధనాభ్యాసమునకై అక్కడి యొక ఉన్నత పాఠశాలకు ప్రతిదినము కాజీపేట నుండి రైలులో వచ్చుచుండెను. ఒకనాడు అతడు ఎనిమిదవ తరగతిలో భిన్నముల లెక్కలు చెప్పుచుండగా వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "ఈ లెక్కలు మాకు ఏడ అక్కరకొస్తయి సారూ?" అని అడిగెను. "పరీక్షలో" అని యువకుడు బదులు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను. అడిగిన బాలుడు మాత్రము నవ్వలేదు. ఆ నవ్వని ముఖము యువకుని మనస్సులో నిలిచిపోయెను.

ఆనాటి సాయంకాలము రైలునకు ఇంకను వేళ యుండుటచే అతడు అంగడిలోనికి వెళ్లెను. అచట ఒక వృద్ధురాలు గోనెపట్టాపై కూరగాయలు పోసి అమ్ముచుండెను. కొనవచ్చిన స్త్రీ యొకతె కిలో 48 రూపాయల వంకాయలు ముప్పావు కిలోయు, కిలో 60 రూపాయల బెండకాయలు అరకిలోయు తీసికొని నూఱు రూపాయల నోటిచ్చెను. వృద్ధురాలు ముందు నాలుగు రూపాయలును, పిదప మూడు పది రూపాయల నోట్లును ఆమె చేతిలో పెట్టెను. యువకుడు జేబులోని కలము తీయులోపలనే బేరము ముగిసినది.

"లెక్క ఎట్ల చేసినవ్ అవ్వా?" అని అతడు అడిగెను.

"అండ్ల ఏమున్నది బిడ్డా! కిలో నలభై ఎనిమిదైతే అరకిలో ఇరవై నాలుగు. పావుకిలో పన్నెండు. రెండు కలిపితే ముప్పై ఆరు. బెండకాయ ముప్పై. అరవై ఆరాయె. నాలుగిస్తే డెబ్బై, ముప్పై ఇస్తే నూరు" అని ఆమె చెప్పెను.

ఆమె బడి గడప యెక్కి యెఱుగదు. అయినను ముప్పావును అరగాను, పావుగాను విడదీసి, వేఱువేఱుగ విలువ కట్టి, మరల కలిపెను. దీనినే గణితమున విభాగన్యాయమందురు. నూఱులో నుండి అఱువదియాఱు తీసివేయవలసిన చోట ఆమె అఱువదియాఱు నుండి నూఱు వఱకు మెట్లెక్కెను. తీసివేత కూడికగా మాఱినది. యువకుడు ఉదయము నల్లబల్లపై అరగంట సేపు చెప్పిన భిన్నముల పాఠము గోనెపట్టాపై అరనిమిషములో ముగిసినది.

నాటి నుండి అతనికి ఎటు చూచినను లెక్కలే కనబడజొచ్చెను. రైలు కిటికీ ప్రక్క కూర్చుండి ఒక కిలోమీటరు గుర్తు నుండి మఱియొక గుర్తు వఱకు గడియారము చూచెడివాడు. 48 సెకండ్లు పట్టినచో, గంటకు గల 3,600 సెకండ్లను 48చే భాగింప బండి వేగము గంటకు 75 కిలోమీటర్లని తేలును.

అవి ధనుర్మాసపు దినములు. ఒక యుదయము అతడు రైలు దిగి పాఠశాలకు నడచుచుండగా, తన తరగతి బాలిక యొకతె వాకిట ముగ్గు వేయుచు కనబడెను. వర్గసంఖ్యల పాఠము జరిగిన నాడు "నాకు రాదు సార్" అని తలవంచుకొన్న పిల్ల యామెయే.

"ఎన్ని చుక్కలమ్మా?" అని అతడు అడిగెను.

"ఏడు చుక్కలు సార్. ఒకటి వచ్చేదాక సందుచుక్క."

నడిమి వరుసలో ఏడు చుక్కలు. దానికి ఇరుప్రక్కల వరుసగా ఆఱు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మొత్తమెన్నియని అతడు మనస్సులో కూడుకొనుచుండగనే బాలిక "నలభై తొమ్మిది" అనెను. కూడకుండ ఎట్లు చెప్పితివని అడుగగా, ఆమె ముగ్గు మూల వైపు జరిగి, "ఈడికెల్లి ఏటవాలుగ చూడుండ్రి సార్! ఏడేసి చుక్కల వరుసలు ఏడున్నయి" అని చూపెను. ఒకటి నుండి ఏడు వఱకు ఎక్కి మరల ఒకటి వఱకు దిగినచో వచ్చు మొత్తము ఏడు వర్గమగుట అతడు పుస్తకములో చదివియుండెను. దానిని చూచుట మాత్రము ఆ వాకిటనే.

స్టేషనునకు పోవు దారిలో ఒక ముదుసలి కమ్మరి కొలిమి కలదు. ట్రాక్టర్లు వచ్చిన పిదప ఎడ్లబండ్లు తగ్గినవి గాని, ఆతడు తన వయసులో అనేక చక్రములకు ఇనుప పట్టాలు తొడిగినవాడు. పట్టా పొడవును ఎట్లు నిర్ణయింతువని యువకుడు అడిగెను. చక్రమునకు గుర్తు పెట్టి, పఱచిన ఇనుప పట్టాపై ఒక్క చుట్టు దొర్లించినచో పొడవు తేలుననియు, అంతకంటె కొంచెము తక్కువగా కోసి వలయముగా అతికి, ఎఱ్ఱగా కాల్చి తొడుగుదుమనియు ఆతడు చెప్పెను. కాలినపుడు సాగిన ఇనుము, నీరు పోయగానే ముడుచుకొని కొయ్యను బిగబట్టును. అయిదడుగుల వ్యాసము గల చక్రమునకు చుట్టుకొలత రమారమి 15 అడుగుల 8½ అంగుళములు. వ్యాసమునకు మూడింతలును, మఱి యేడవ వంతును కలిపినచో చుట్టుకొలత వచ్చుననుట స్థూలమైన లెక్క. క్రీ. శ. 499 నాటి ఆర్యభటుడు 20,000 వ్యాసము గల వృత్తమునకు పరిధి 62,832 అని మఱింత సూక్ష్మముగా చెప్పెను. అదియును ఆసన్నమేయని, అనగా సత్యమునకు చేరువైన విలువ మాత్రమేయని, ఆ మహనీయుడే తెలిపెను.

ఇంతలో వెనుక వరుస బాలుడు నాలుగు దినములు బడికి రాలేదు. యువకుడు విచారించుకొనుచు వాని యింటికి వెళ్లెను. తండ్రి అరుగుపై దిగులుగా కూర్చుండి యుండెను. రెండు సంవత్సరముల క్రిందట అతడు పంటకై 20,000 రూపాయలు అప్పు తెచ్చెను. తెలంగాణమున వడ్డిని మిత్తి యందురు. నూటికి మూడు రూపాయల మిత్తియని పత్రములో వ్రాసియున్నది. ఇప్పుడు 36,992 రూపాయలు చెల్లింపుమని అప్పిచ్చినవాడు చీటి పంపెను. ఆ సొమ్ము కూడవలెనన్నచో కుమారుని బడి మాన్పించి కూలికి పంపక తప్పదని తండ్రి నిశ్చయము. "మూడు రూపాలే గద అనుకున్న సారూ! ఇంతగనం ఎట్లయిందో తెలుస్తలేదు" అని అతడు వాపోయెను.

యువకుడు తానై లెక్క చేయలేదు. బాలుని పిలిచి కలము వాని చేతి కిచ్చెను. మూడు రూపాయలనగా నెలకు మూడు. సంవత్సరమునకు పండ్రెండు మూళ్లు ముప్పదియాఱు. ఇరువది వేలకు ఒక యేటి మిత్తి 7,200. రెండేండ్లకు 14,400. అసలుతో కూడ 34,400. చీటిలోని మొత్తమునకును దీనికిని భేదము 2,592. ఈ భేదము ఎక్కడిది? బాలుడు చాలసేపు కాగితమును చూచెను. తుదకు వాని కన్నులు మెఱసినవి. "మొదటి యేడు మిత్తి మీద మల్ల మిత్తి కట్టిండ్రు సారూ!" అనెను. 7,200 రూపాయలకు నూటికి ముప్పదియాఱు వంతున లెక్కింపగా సరిగా 2,592 వచ్చినది. పత్రములో బారువడ్డి తప్ప చక్రవడ్డి మాట లేదు.

మఱునాడు తండ్రియు కుమారుడును ఊరి పెద్ద నొకనిని వెంటబెట్టుకొని వెళ్లిరి. బాలుడు ఆ కాగితమును అప్పిచ్చినవాని ముందుంచి పంక్తి పంక్తికి అర్థము చెప్పెను. అతడు రెండు మాఱులు సరిచూచుకొని 34,400 రూపాయలకే ఒప్పుకొనెను. తగ్గిన ధనము కలవారికి స్వల్పమే కావచ్చును. ఆ యింటికి అది వచ్చు పంట విత్తనములకు ఆధారము. అంతకంటె పెద్ద లాభము వేఱొకటి. మూడు అని తోచిన మిత్తి ఏటికి ముప్పదియాఱని తండ్రికి తెలిసినది. మరుసటి పంటకు అప్పు కావలసినచో ముందుగా సహకార సంఘములో వడ్డి యెంతయో కనుగొని రమ్మని అతడు కుమారునికి చెప్పెను. బాలుడు మరల బడికి వచ్చెను.

ఈ సంఘటన యువకుని ఆలోచనను మఱియొక మెట్టెక్కించెను. బడి లేకున్నను లోకమే లెక్కలు నేర్పునని అతడు కొన్నాళ్లుగా మురియుచుండెను. లోకము నేర్పునది నిజమే. కాని కొంత దూరము వఱకే. అంగడిలోని అవ్వ పావును, అరను ఎఱుగును; చక్రవడ్డి మఱుగును ఎఱుగదు. కమ్మరి తన చక్రమును దొర్లించి కొలువగలడు. దొర్లింపరాని భూగోళమును కొలుచుటకు సూత్రము కావలెను. ఏడు చుక్కల ముగ్గులో కనబడిన న్యాయము ఏడువందల చుక్కలకును చెల్లునని నిరూపించునది శాస్త్రము. నిత్యజీవితము ప్రశ్న నిచ్చును. పుస్తకము దానికి దూరదృష్టి నిచ్చును.

మన పూర్వులు ఈ రెంటిని ఎడబాపలేదు. తొమ్మిదవ శతాబ్దమున జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించి, అందు వడ్డి లెక్కలకును చోటిచ్చెను. పావులూరి మల్లన ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. లెక్క తెలుగువాని నోట పద్యమై పలికినది.

బోధనాభ్యాసము ముగియు నాడు యువకుడు ప్రతి విద్యార్థియు తన యింటి నుండి యొక లెక్క తేవలెనని కోరెను. ఒకడు పాలకేంద్రపు చీటి తెచ్చి వెన్న శాతమును బట్టి ధర యెట్లు మాఱునో చెప్పెను. ఒకతె దర్జీ కొలతలు తెచ్చెను. ఒక రైతుబిడ్డ పదునొకండు గజముల పొడవును, అంతే వెడల్పును గల చదరము 121 చదరపు గజముల గుంట యనియు, అట్టివి నలుబది చేరిన ఎకరమనియు చూపెను. ముగ్గు వేసిన బాలిక నల్లబల్లపై చుక్కలు పెట్టి వర్గసంఖ్యల పాఠమును తానే చెప్పెను. వెనుక వరుస బాలుడు బారువడ్డికిని, చక్రవడ్డికిని గల భేదమును వివరించుచుండగా తరగతిలో ఒక్కరును నవ్వలేదు.

శిక్షణ ముగించుకొని యువకుడు వెడలిపోయెను. ఆ రైతు ఇంట మాత్రము ఒక క్రొత్త యలవాటు నిలిచినది. ఏ కాగితముపై సంతకము చేయవలసి వచ్చినను, ముందుగా దానిని ఆ బాలుని చేతి కిత్తురు.