చేపల వేటకు పోతే బస ఎక్కడ?

పిల్లలూ! చేపల వేటకు ప్రయాణమనగానే మీరు గాలాన్ని గురించి, ఎరను గురించి ఆలోచిస్తారు. మీ అమ్మగారు పక్కబట్టలను గురించి, తినుబండారాలను గురించి ఆలోచిస్తారు. కాని తెలిసిన వేటగాళ్ళు వీటన్నిటికంటె ముందు ఆలోచించేది బసను గురించి. రాత్రి ఎక్కడ పడుకుంటామో దాన్నిబట్టే తెల్లవారి ఏ నీటి ఒడ్డున వుంటామో, ఏ చేపను చూస్తామో, క్షేమంగా ఇంటికి వస్తామో లేదో తేలుతుంది.

అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రం వున్నది. అక్కడి సరస్సులలో మస్కీ అనే పెద్ద చేప వుంటుంది. అది నాలుగడుగుల దాకా కూడా పెరుగుతుంది. మూతి బాతు ముక్కులాగా చదునుగా వుంటుంది, నోటినిండా పళ్ళు. నాచులో కట్టెలాగా కదలకుండా పొంచి వుండి, దగ్గరికి వచ్చిన చేపమీదికి బాణంలాగా దూకుతుంది. పదివేలసార్లు గాలం విసిరితే ఒకటి చిక్కుతుందని అక్కడివాళ్ళ మాట. 1955లో ఆ రాష్ట్రంవారు దాన్ని తమ రాష్ట్ర చేపగా ఎన్నుకున్నారు. హేవర్డ్ అనే ఊళ్ళో మస్కీ ఆకారంలోనే ఒక భవనం కట్టారు. జనం దాని కడుపులోకి వెళ్ళి, నోట్లో నిలబడి చుట్టుపక్కల చూస్తారు! సరస్సుల ఒడ్డున వేటగాళ్ళకోసం బసలు కూడా వున్నాయి. వాటిలో దేన్ని ఎన్నుకోవాలా అని అక్కడివాళ్ళు నెలల తరబడి తర్జనభర్జన పడతారు.

మనకు మస్కీ లేదు. అయితేనేం, అలాగే పొంచి వుండి వేటాడే చేప మనకూ వున్నది. అది కొర్రమీను. తెలంగాణలో కొర్రమట్ట అని కూడా అంటారు. 2016లో దాన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఈ రెండు చేపలూ చుట్టాలు కావు. కాని ఇద్దరి వృత్తీ ఒకటే: తూటికాడల చాటున దాగడం, కప్పో చిన్న చేపో రాగానే మింగడం.

కొర్రమీనులో ఒక వింత వున్నది. దానికి మొప్పలతోబాటు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అర వుంటుంది. అది మాటిమాటికీ నీటిపైకి వచ్చి గుటక వేసి పోతుంది. పైకి రానివ్వకుండా చేస్తే నీళ్ళలోనే వుండి కూడా ఊపిరాడక చచ్చిపోతుంది! ఎండాకాలం చెరువు ఇంకిపోతే తడిబురదలో తలదాచుకుని బతుకుతుంది. ఒడ్డున నిశ్శబ్దంగా కూర్చుని చూస్తే, గుటక వేసినచోట నీటిమీద గుండ్రని అల కనిపిస్తుంది. అంచేత కొర్రమీనుకోసం పోయేవారికి లోతైన నీరు అక్కరలేదు. నాచు, తుంగ వుండే చెరువుకో, జలాశయపు అంచుకో దగ్గరగా బస వుంటే చాలు.

గోదావరిలోను, పెద్ద జలాశయాలలోను వాలుగ అనే ఇంకొక దొంగ వుంటుంది. పొలుసు లేని చేప, పెద్ద నోరు, లెక్కలేనన్ని పళ్ళు, పొడవాటి మీసాలు. రాత్రిళ్ళు తిరిగి చేపలను తింటుంది. మీటరుకు మించి పెరుగుతుంది. ఇది ఇప్పుడు తగ్గిపోతున్న జాతి అని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంచేత చూడడానికి సంతోషమేగాని, చిక్కితే వదిలిపెట్టడం మర్యాద.

ఇక బసల మాటకు వద్దాం. పాత కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పటం ముందు పెట్టుకోండి. ఈ రెంటినీ విడదీస్తూ మధ్యగా గోదావరి ప్రవహిస్తుంది. 2016 అక్టోబరులో వీటిని చిన్న జిల్లాలుగా విడగొట్టారు గనక, పటం కొత్తదైతే కడెం నిర్మల్ జిల్లాలోను, జన్నారం మంచిర్యాల జిల్లాలోను కనిపిస్తాయి. మనం మూడు చోట్లు చూద్దాం.

మొదటిది కరీంనగరు. ఊరి పక్కనే మానేరు నదిమీద దిగువ మానేరు ఆనకట్ట వున్నది. 1985లో పూర్తయిన ఈ జలాశయం నిండితే 24 టీఎంసీల నీరు పడుతుంది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి చేపలు ఇలాంటి జలాశయాలలో పెరుగుతాయి. ఊళ్ళో లాడ్జీలు చాలా వున్నాయి. డాక్టరు, మందుల దుకాణం, బస్సు, అన్నీ దగ్గర. కాని చేప గుటక వేసే చప్పుడు వినాలంటే ఈ ఊరి రొదలో కుదరదు. తెల్లవారుజామునే లేచి ఆటోలో నీటి దగ్గరకు పోవాలి.

రెండవది కడెం. కుంతాల జలపాతం దూకేది ఈ కడెం వాగులోనే. సహ్యాద్రి కొండలనుంచి దిగివచ్చే ఆ నీటిని గోదావరిలో కలవకముందే ఆనకట్ట కట్టి ఆపారు. చుట్టూ అడవి, ఎదురుగా నీరు. పర్యాటక శాఖవారు ఒడ్డున హరిత అనే పేరుతో వసతి గృహం కట్టించారు. బొమ్మ గీసినట్టుండే చోటు. అయితే ఈ నీటి కథ తెలియకుండా అక్కడ గది తీసుకోకూడదు.

1958 ఆగస్టులో పెద్ద వరద వచ్చి, నీరు కడెం ఆనకట్టమీదుగా పొర్లింది. కట్టకు గండి పడింది. తరువాత దాన్ని బాగుచేశారు. ఇప్పుడు 18 గేట్లు వున్నాయి. 2022 జూలైలో మళ్ళీ ప్రమాదం ముంచుకొచ్చింది. గేట్లన్నీ కలిసి సుమారు 3 లక్షల క్యూసెక్కులు వదలగలవు. వచ్చిపడింది 5 లక్షలకు పైగా! దిగువనున్న ఊళ్ళవాళ్ళను ఖాళీ చేయించారు. అదృష్టం బాగుండి కట్ట నిలిచింది. 2023 జూలైలో కూడా నీరు గేట్లమీదుగా దూకింది.

ఒక చిన్న లెక్క చేయండి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. కడెం జలాశయంలో పట్టేది సుమారు 7.6 టీఎంసీలు, అంటే 760 కోట్ల ఘనపుటడుగులు. దాన్ని 5 లక్షలతో భాగించండి. 15,200 సెకన్లు వస్తుంది. అంటే, గేట్లన్నీ మూసివుంటే, అంత వరదకు ఖాళీ జలాశయం కూడా నాలుగుంపావు గంటలలో నిండిపోతుంది! మీరు రాత్రి పదిగంటలకు పడుకుని తెల్లవారి అయిదింటికి లేచేలోపల ఎంత మారిపోతుందో ఊహించండి. కొండలలో కురిసిన వాన మీ కిటికీలోనుంచి కనిపించదు. మీ తలమీద చుక్కలు మెరుస్తూనే వుంటాయి, అవతల వాగు పెరుగుతూనే వుంటుంది.

అంచేత కడెంలో బస అయినా, మరే ఆనకట్ట దగ్గర బస అయినా మొదటి ప్రశ్న ఇది: ఇల్లు ఎత్తుమీద వున్నదా, వాగు దిగువన పల్లంలో వున్నదా? గేట్లు ఎత్తేముందు సైరను మోగిస్తారు. అది బసకు వినిపిస్తుందా? పారిపోవలసి వస్తే దారి ఎటు? ఈ మూడింటికీ సరిగా జవాబు చెప్పలేని చోట పట్టుపరుపులు వేసినా దిగవద్దు.

మూడవది జన్నారం. మంచిర్యాల దాకా రైలులో పోయి, అక్కడినుంచి లక్షెట్టిపేట మీదుగా బస్సులో వెళ్ళవచ్చు. ఇది కవ్వాల అడవికి వాకిలి. 2012లో కవ్వాలను పులుల అభయారణ్యంగా ప్రకటించారు. ఇక్కడ కూడా పర్యాటక శాఖవారి వసతి గృహం వున్నది. జింకలు, దుప్పులు, అడవిదున్నలు, పిట్టలు చూడాలంటే ఇంతకంటె మంచి బస లేదు. కాని అభయారణ్యంలో ప్రాణికి అభయం అన్నారుగదా! ఆ అభయం చేపకు కూడా వర్తిస్తుంది. అడవిలోని వాగులో, కుంటలో గాలం వేయకూడదు. అక్కడ చేపలను కొంగ పడుతుంది, నీటిపిల్లి పడుతుంది. వాటి ముద్ద మనం లాక్కోరాదు. జన్నారం పోయేటప్పుడు గాలం సంచిలోనే వుండాలి.

చెరువులో నీరు అందరిదే అయినా చేపలు అందరివీ కావు. తెలంగాణలో చాలా చెరువులలోను, జలాశయాలలోను చేపలు పట్టే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. చేపపిల్లలను నీళ్ళలో వదలి, ఏడాదంతా కాపాడి, వాటిమీదనే పిల్లలకు బట్టలూ పుస్తకాలూ కొనేవారు వాళ్ళు. వాళ్ళను అడగకుండా గాలం వేస్తే అది ఆటకాదు, దొంగతనం. అంచేత బస కుదుర్చుకునేముందు, “మేము గాలం వేసుకోవాలంటే ఎవరిని అడగాలి?” అని విచారించండి. “ఎవరినీ అడగనక్కరలేదు, మీ ఇష్టం” అని తేలికగా చెప్పేవారిని నమ్మకండి. “రేప్పొద్దున సంఘం తాతను పిలిపిస్తాను” అనేవారి దగ్గర దిగండి. ఆ తాత వచ్చి, “గాలి తిరిగింది, ఇయ్యాల నీళ్ళల్లకు పోకుండ్రి బిడ్డా” అన్నాడంటే, కోపం తెచ్చుకోకుండా “సరే తాతా” అనండి. ఆ నీళ్ళలో పుట్టి పెరిగినవాడి మాటకు మించిన వాతావరణ సూచన లేదు.

ఎప్పుడు పోవాలి? వానాకాలంలో పోరాదు. వరద భయం ఒక కారణం. రెండవది, అప్పుడే చేపలు గుడ్లు పెడతాయి. ఎండాకాలంలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పిల్లలు తట్టుకోలేరు. దీపావళి వెళ్ళి, నీరు తేటపడిన తరువాత పోవడం మంచిది. అయితే ఆదిలాబాదు చలిని తక్కువ అంచనా వేయకండి. శీతాకాలం రాత్రి వేడి 10 డిగ్రీలకంటె దిగువకు పడిపోవడం అక్కడ మామూలే. రగ్గులు, దోమతెరలు, కాచిన నీళ్ళు, పాముల భయంలేకుండా నడవడానికి దీపం, పడవ ఎక్కితే తొడుక్కోవడానికి తేలే చొక్కాలు, ఇవన్నీ బసలో వున్నాయో లేదో అమ్మగారు ముందే అడుగుతారు. వంటశాలను గురించి కూడా అడగండి. క్షేత్రాలలోని సత్రాలలో అయితే చేప తెస్తామంటే గడప తొక్కనివ్వరు.

ఇంతకీ ఏది ఎన్నుకోవాలి? మొదటిసారి పోయే కుటుంబానికి కరీంనగరు. గాలం పట్టడం, ఓర్పుగా కూర్చోవడం వచ్చిన తరువాత, శీతాకాలంలో, ఎత్తుమీది బసలో వుండి కడెం. చేతులు కట్టుకుని కళ్ళతోనే వేటాడడం నేర్చినవారికి జన్నారం.

గాలం సామాను పెద్దగా అక్కరలేదు. వెదురు బద్ద, దారం, జీలుగ బెండు, ఎరకు వానపాములు చాలు. తెగిన దారాన్ని మాత్రం ఒడ్డున పారేయకండి, పిట్టల కాళ్ళకు చుట్టుకుంటుంది. అరచేతికంటె చిన్న చేప పడితే తడిచేత్తో పట్టుకుని నీటిలో వదలండి.

ఇంకొక్క మాట. ఎప్పుడైనా నాచు పక్కన నీటిమీద ఎర్రని బంతిలాంటిది మెల్లగా కదులుతూ కనిపిస్తే, అది కొర్రమీను పిల్లల గుంపు. వందలాది పిల్లలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరుగుతుంటాయి. వాటి అడుగునే తల్లీ తండ్రీ కాపలా కాస్తుంటాయి. దగ్గరికి ఏది వచ్చినా మీదపడి తరుముతాయి. అందుకే అప్పుడు వాటిని పట్టడం చాలా తేలిక. కాని తల్లిదండ్రులు పోయిన మరుక్షణం ఆ పిల్లలను మిగతా చేపలు మింగేస్తాయి. ఆ ఎర్రని బంతి కనిపించినచోట బెండును పైకి తీసి, దారం చుట్టుకుని, కాసేపు చూసి, వేరే చోటికి వెళ్ళిపోండి.