నాన్నగారి దవడపన్ను

నర్సీపట్నంలో ఉంటున్న మా నాన్నగారికి కింది దవడపన్ను ఒకటి తీయించి రెండేళ్ళయింది. నాకు దొరికినది మూడువారాల సెలవు. ఆ సెలవు ముగిసేలోగా ఇంప్లాంటూ, దానిపైన పన్నూ రెండూ పెట్టించి వెళ్ళాలని పట్టుబట్టినవాణ్ణి నేనే. మూడునెలలు ఆగితే మేలన్నారు వైద్యులు. "ఇప్పుడు వెంటనే పెడుతున్నారటగా" అన్నాను, ఎక్కడో చదివిన మిడిమిడి జ్ఞానంతో. మెత్తని పదార్థాలే తినాలన్న షరతుమీద తాత్కాలికమైన పన్ను అమర్చారు.

అయిదోవారంలో ఫోను. "ఒరే, ఇది కదులుతోందిరా."

"ఏం తిన్నారు నాన్నగారూ?"

"ఒక్క జంతికే కదరా!"

దాన్ని తీసేయవలసి వచ్చింది. నేను శ్రద్ధగా చదివినది ఆ తరువాతనే.

స్వీడన్ దేశస్థుడు బ్రానెమార్క్ 1952 ప్రాంతంలో కుందేలు ఎముకలో టైటానియం పరికరం అమర్చి చూస్తే, ఎముక దానికి అతుక్కుపోయి ఊడిరాలేదట. 1965లో తొలిసారి మనిషికి అమర్చారు. కింది దవడకు మూడునెలలు, ఎముక మెత్తగా ఉండే పైదవడకు ఆరునెలలు బరువు పడకుండా ఉంచాలన్నది ఆయన పద్ధతి. కారణం ఉంది. మొదటిరోజు పట్టు కేవలం మరచుట్ల బిగింపు. ఆపైన చుట్టూ ఉన్న పాత ఎముక కొంత కరుగుతుంది, కొత్తది పుడుతుంది. సుమారు మూడు నాలుగు వారాలప్పుడు పాత పట్టు సడలి, కొత్తపట్టు ఇంకా కుదురుకోకుండా ఉంటుంది. అప్పుడు సుమారు 150 మైక్రాన్లకు మించి, అనగా ఒకటి రెండు తలవెంట్రుకల మందం మేర, పదేపదే కదిలితే ఎముకకు బదులు నారకండ పెరుగుతుంది. మా జంతిక చేసిన పని అదే అయి ఉండాలి.

అలాగని బరువు ఎముకకు శత్రువు కాదు సుమండీ. పన్ను లేనిచోట పనిలేక ఎముక కుంచించుకుపోతుంది. అతుకు కుదిరాక నమిలే ఒత్తిడే దాన్ని నిలుపుతుంది. గట్టి ఎముకలో బిగువుగా కూర్చున్నప్పుడు, నాలుగైదింటిని కలిపి కట్టినప్పుడు వెంటనే పళ్ళు పెట్టడమూ చక్కగా ఫలిస్తోంది. నేను చదివినది అబద్ధం కాదు, ఆ సగం మాత్రమే చదివాను.

గాయం మానాక రెండోసారి పెట్టించుకోవడానికి నాన్నగారు ఒక్కరే, అనకాపల్లి మీదుగా బస్సులో విశాఖ వెళ్ళివచ్చారు. నాకు తరువాత చెప్పారు. మూడునెలలూ ఆగారు. పన్ను నిలిచింది.

మొన్న వెళ్ళినప్పుడు అమ్మ జంతికలు పెట్టింది. ఆయన రెండోవైపున నములుతున్నారు.

"ఇటువైపు తినవచ్చు కదా" అన్నాను.

"అలవాటు తప్పిందిరా" అన్నారు, నావైపు చూడకుండా.