నీళ్ల సీమలో వాటర్ టిన్ను

ఏలూరులో రైలు దిగి కైకలూరు బస్సెక్కాక కిటికీలోంచి ఎటు చూసినా నీళ్లే. మా అనంతపురంలో చెరువు నిండితే ఊరంతా చూడ్డానికి వెళతాం. ఇక్కడ చేపల చెరువుల సందుల్లో ఊళ్లున్నాయి! అయినా ప్రతి అరుగు మీదా ఇరవై లీటర్ల వాటర్ టిన్ను.

కొల్లేటికోట దారి అడిగితే "ఆయ్, గట్టెమ్మట ఎల్లిపోండి" అన్నారొక పెద్దాయన. అన్నీ గట్లే! ఓ చెరువు చుట్టూ తిరిగి మళ్లీ ఆయన ముందే తేలాను. నవ్వి, కొరమీను పులుసుతో అన్నం పెట్టారు. "ఎండాకాలం ఉప్పుటేరెమ్మట సముద్రం పైకొచ్చేత్తదండి. బోరేసినా ఉప్పే." సముద్రం ఎక్కడో దూరంగా ఉంది మరి! కైకలూరులో చేపల పెట్టెల నిండా దంచిన ఐసు. నీళ్లూ కొనాలి, చల్లదనమూ కొనాలి.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల బస్తాలు దాటి ఉప్పుడు బియ్యం మిల్లుకెళ్లాను. ఊకతో మండే బాయిలరు, పొగగొట్టంలోంచి ఊరికే పోయే వేడి. అక్కడ కలిసిన నిట్ కుర్రాడు దాన్నే చూస్తూ, మందు డబ్బాల్లో తేమ పీల్చే పొట్లం గుర్తుచేశాడు. అందులోది సిలికా జెల్. గాలి తీసేసిన తొట్టిలో ఉప్పునీళ్లు మామూలు వేడికే ఆవిరవుతాయట. ఆవిరిని జెల్ పీల్చేస్తుంది, మిగిలిన నీళ్లు చల్లబడతాయి. తర్వాత జెల్‌ను ఇలా ఊరికే పోయే వేడితో కాచిన 60 నుంచి 85 డిగ్రీల నీటితో వేడిచేస్తే ఆవిరిని వదిలేస్తుంది. అది చల్లారితే మంచినీళ్లు! సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో కిమ్ చూన్ ఎన్‌గ్ బృందం దీని మీద చాలా పనిచేసింది. లక్షద్వీప్‌లోని కవరత్తిలో 2005 నుంచి రోజుకు లక్ష లీటర్లు తీసే ప్లాంటు వేరే రకం. దానికి జెల్ అక్కర్లేదు, సముద్రం పైనీటికీ లోతునీటికీ ఉన్న వేడి తేడా చాలు.

"అయితే ఐసు కూడా ఇక్కడే!" అన్నాను ఉత్సాహంగా.

"ఐసు రాదండి. చల్లనీళ్ల దాకానే."

పోనీ, ఆ చల్లనీళ్లు ఐసు ఫ్యాక్టరీకిస్తే కరెంటు కలిసొస్తుంది కదా అని నా లెక్క. జెల్ పెట్టెలు గదులంత ఉంటాయనీ, గాలి చొరబడితే పని ఆగిపోతుందనీ, కాస్త ఉప్పగా ఉన్న బోరునీటికైతే ఆర్వోనే చవకనీ కుర్రాడు నీళ్లు చల్లాడు. మిల్లు గుమాస్తా మాత్రం వదల్లేదు: "ఊక మాదేనండి, మరి నీళ్లెవరివి?"

మీరు వెళితే చలికాలంలో వెళ్లండి, కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులూ కనిపిస్తాయి. మిల్లుకు మాత్రం కళ్లజోడు పెట్టుకెళ్లండి, ఊక నుసి కళ్లలో పడుతుంది.